ప్రశ్నావళికి వచ్చిన జవాబు ఎక్కడికి పోవును?

ప్రశ్న అడుగుట నేడు మిక్కిలి సులభమైనది. పాఠశాలలు తల్లిదండ్రులకు, ఆసుపత్రులు రోగులకు, బ్యాంకులు ఖాతాదారులకు, అపార్టుమెంటు సంఘములు నివాసులకు ఏదో ఒక ప్రశ్నావళి పంపి అభిప్రాయము అడుగుచున్నవి. ఫోనునకు ఒక లింకు వచ్చును. దానిని తాకినచో నాలుగైదు ప్రశ్నలు కనబడును. రెండు నిమిషములలో జవాబులు పూర్తిచేసి 'పంపుము' అను చోట వ్రేలు ఉంచుదుము. 'మీ జవాబు నమోదైనది' అని ఒక వాక్యము వచ్చును. అంతటితో మన వంతు ముగియును. ఆ తరువాత ఆ జవాబు ఎక్కడికి పోవును? దానిని చదువువారెవరు? దానివలన ఏదేని పని జరుగునా? జవాబిచ్చిన ప్రతివారికిని ఈ సందేహములు కలుగుట న్యాయమే.

కార్యాలయములలో ఉత్తరములు స్వీకరించు పద్ధతి మనకు తెలిసినదే. తపాలా సంచి వచ్చిన వెంటనే గుమాస్తా ఒకరు కవర్లు తెరచి, ప్రతి ఉత్తరముపై తేదీ ముద్ర వేసి, ఇన్‌వర్డు రిజిస్టరులో వరుస నంబరుతో ఎక్కించును. పిదప ఏ ఉత్తరము ఏ సెక్షనునకు పోవలెనో చూచి పంపును. రేడియో కేంద్రమునకు వచ్చు ఉత్తరములలో పాటలు కోరునవి ఒక బల్లకు, ప్రసంగములను గురించి వ్రాసినవి మరియొక బల్లకు, ప్రసారము సరిగా వినబడుటలేదని వచ్చినవి ఇంజనీర్లకు పోవును. ఉత్తరము అందినదని శ్రోతకు ఒక కార్డు వెళ్లును.

ఆన్‌లైన్ ప్రశ్నావళి వచ్చిన తరువాత తపాలా సంచి అవసరము తగ్గినది గాని, ఈ నడిమి పని తగ్గలేదు. జవాబులన్నియు కంప్యూటరులో ఒక షీటునందు వరుసగా వచ్చి పడును. ఎవరో ఒకరు దానిని ప్రతిదినము తెరచి చూడవలెను. ఫిర్యాదులను ఏరి సంబంధించినవారికి పంపవలెను. జవాబిచ్చినవారికి అందినదని తెలుపవలెను. ఆ ఒకరు సెలవుపై పోయినచో షీటు పెరుగుచునే యుండును, పని మాత్రము నిలిచిపోవును. ఈ నడిమి పనిని యంత్రమునకు అప్పగించు ఉపాయమే నేటి ప్రసంగ విషయము. దీనికి స్వయంచాలనము అని పేరు. వాడుకలో ఆటోమేషన్ అనుచున్నారు.

అడుగుటకును, అడిగి తెలిసికొన్నదానిని వినియోగించుటకును నడుమనున్న శ్రమ చాల పాతది. అమెరికాలో 1880 నాటి జనాభా లెక్కల పట్టికలు పూర్తియగుటకు దాదాపు 8 సంవత్సరములు పట్టినది. 1890 లెక్కలకు హెర్మన్ హాలరిత్ అను ఇంజనీరు రంధ్రములు గల కార్డులను, వానిని విద్యుచ్ఛక్తితో లెక్కించు యంత్రమును సమకూర్చగా ఆ కాలము ఎంతయో తగ్గినది. మన దేశమున 1950లో జాతీయ నమూనా సర్వే ఆరంభమైనప్పుడు ఉద్యోగులు ఊరూరికి పోయి, ఇంటింట అడిగి, కాగితములపై జవాబులు వ్రాసికొని వచ్చెడివారు. ఇంటర్నెట్ వచ్చిన పిదప ప్రశ్నావళియే జనుల చెంతకు పోవ మొదలిడెను. 1999లో అమెరికాలో సర్వేమంకీ అను సంస్థ వెలసెను. 2008లో గూగుల్ సంస్థ తన షీటులకు ప్రశ్నావళిని జతచేసెను. అదియే నేటి గూగుల్ ఫార్మ్స్. ఇప్పుడు జవాబిచ్చువారే తమ జవాబును యంత్రములోనికి ఎక్కించుచున్నారు. ఇక మిగిలినది ఆ జవాబును చేరవలసిన చోటికి చేర్చుట.

ఇక్కడ ఒక చిక్కు కలదు. ప్రశ్నావళి ఒక సంస్థ తయారుచేసినది. ఈమెయిలు మరియొకరిది. క్యాలెండరు, పనుల పట్టిక, సందేశములు పంపు యాప్ వేరువేరు సంస్థలవి. ఒకదానిలో జరిగినది మరియొకదానికి తనంతట తెలియదు. వీనిని కలుపు సేవలు 2010 ప్రాంతమున బయలుదేరినవి. అందులో ఇఫ్ట్ అను సేవ పేరులోనే సూత్రమంతయు ఇమిడియున్నది. 'ఇది జరిగినచో అది చేయుము' అను అర్థమిచ్చు ఆంగ్ల పదముల మొదటి అక్షరములే ఆ పేరు. 2011లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రమున ముగ్గురు యువకులు జాపియర్ అను సేవను ప్రారంభించిరి. ప్రాగ్ నగరమున పుట్టిన మేక్, మైక్రోసాఫ్ట్ వారి పవర్ ఆటోమేట్, బెర్లిన్ నుండి వచ్చిన ఎన్‌ఎయిట్‌ఎన్ ఈ కోవలోనివే. పేర్లు వేరైనను వీనియన్నింటి పని ఒక్కటే. ఒక చోట ఏదో జరుగవలెను. దానిని ట్రిగ్గరు అందురు. దాని ఫలితముగా మరియొక చోట ఏదో చేయవలెను; దానిని యాక్షన్ అందురు. ప్రశ్నావళికి కొత్త జవాబు వచ్చుట ట్రిగ్గరు. షీటులో ఒక వరుస చేర్చుట, ఈమెయిలు పంపుట, ఒక ఉద్యోగి పనుల పట్టికలో కొత్త పని ఎక్కించుట యాక్షన్లు.

కొత్త జవాబు వచ్చినదని ఈ మధ్యవర్తికి తెలియుట ఎట్లు? దీనికి రెండు మార్గములున్నవి. పోస్టాఫీసునకు పోయి 'మాకేమైన ఉత్తరములున్నవా?' అని అడుగుట ఒక మార్గము. మధ్యవర్తి సేవ ఐదు నిమిషములకో, పావుగంటకో ఒకసారి ప్రశ్నావళి సంస్థను ఇట్లే అడుగుచుండును. ఉత్తరము లేని వేళలలో ఈ తిరుగుడు వృథా. ఉన్న వేళలలో కొంత ఆలస్యము. పోస్టుమాను ఉత్తరము రాగానే మన వాకిటికి తెచ్చి ఇచ్చుట రెండవ మార్గము. మన చిరునామా ఒకటి ముందుగా ఇచ్చియుంచినచో, జవాబు వచ్చిన మరుక్షణమే ప్రశ్నావళి సంస్థ దానిని ఆ చిరునామాకు పంపివేయును. ఈ రెండవ మార్గమునకు వెబ్‌హుక్ అని పేరు. 2007లో జెఫ్ లిండ్సే అను ప్రోగ్రామరు ఈ పేరు పెట్టెను. అత్యవసరమైన ఫిర్యాదులకు ఈ మార్గము మేలు. వారమునకొకసారి చూచుకొను అభిప్రాయములకు మొదటి మార్గమే చాలును.

జవాబు ప్రయాణించు రూపము కూడ తెలిసికొనదగినది. బ్యాంకులో ఏ పనికి ఏ కౌంటరో, ఏ పనికి ఏ ఫారమో నిర్ణయమై యుండును. లోపలి గదులలోనికి మనము పోనక్కరలేదు. కంప్యూటరు సాధనములకు కూడ అట్టి కౌంటర్లున్నవి. వానిని ఏపీఐ అందురు. ఆ కౌంటరు నుండి వెలువడు జవాబులో ప్రతి విషయమునకు ఒక శీర్షిక, దాని ఎదుట ఒక విలువ ఉండును. 'ఊరు' అను శీర్షిక ఎదుట 'తెనాలి', 'వినికిడి' అను శీర్షిక ఎదుట 'స్పష్టముగా లేదు' అని ఉండునన్నమాట. ఇందులో ఏ శీర్షిక క్రింది విషయము రెండవ సాధనములో ఏ గడిలో పడవలెనో మనము చూపవలెను. జత కలుపుట అను ఈ పని ఒక్కసారి చేసినచో చాలును. ఐనను పొరపాట్లకు ఎక్కువ తావున్నది ఇక్కడనే.

ఒక ఉదాహరణము తీసికొందము. ఒక రేడియో కేంద్రము శ్రోతల అభిప్రాయములు సేకరింపదలచినదనుకొందము. ప్రశ్నలు ఆరు. మీ పేరేమి? మీ ఊరేది? ఏ కార్యక్రమములు వినుచున్నారు? ప్రసారము స్పష్టముగా వినబడుచున్నదా? మీరు చెప్పదలచినదేమి? మీకు జవాబు వ్రాయవలెనన్నచో మీ ఈమెయిలు ఏది? చివరి దానికి జవాబిచ్చుట శ్రోత ఇష్టము. కొత్త జవాబు రాగానే యంత్రము మొదట దానిని షీటులో వరుస నంబరుతో ఎక్కించును. ఇది ఇన్‌వర్డు రిజిస్టరు. పిదప ఈమెయిలు ఉన్నదా లేదా అని చూచి, ఉన్నచో అందినదని ఒక కార్డు ముక్క వంటి సందేశము పంపును. ఆ తరువాత నాలుగవ ప్రశ్నను చూచును. 'స్పష్టముగా లేదు' అని ఉన్నచో ఊరి పేరుతో ఇంజనీరు పనుల పట్టికలో ఒక పని చేర్చును. లేనిచో ఊరకుండును. ఇట్టి షరతును ఫిల్టరు అందురు. ఇదంతయు జరుగుటకు కొన్ని క్షణములు చాలును. అర్ధరాత్రి వచ్చిన ఫిర్యాదు తెల్లవారుసరికి ఇంజనీరు బల్లపై ఉండును. ఒకే వారమున ఒకే తాలూకా నుండి ఇరువది ఫిర్యాదులు వచ్చినచో వానికన్నింటికి ఒకే కారణము ఉండవచ్చునని ఆయనకు వెంటనే తోచును. ఇంత మేలు దీనివలన కలదు.

ఇక చిక్కుల సంగతి. యంత్రము అక్షరమును చూచును గాని అభిప్రాయమును చూడదు. ఎవరో ప్రశ్నావళిని సరిదిద్దుచు, 'స్పష్టముగా లేదు' అను మాటను 'అంత స్పష్టముగా లేదు' అని మార్చిరనుకొందము. చదువువారికి అర్థములో భేదము లేదు. యంత్రమునకు మాత్రము అది వేరు మాట. షరతు తప్పిపోవును. ఇంజనీరునకు ఆ దినము నుండి ఒక్క ఫిర్యాదును రాదు. ప్రసారము బాగుపడినదని ఆయన సంతోషించును! కావున ప్రశ్నావళిలో ఒక్క మాట మార్చినను దానితో కలిపిన పనులన్నింటిని మరల పరీక్షింపవలెను.

మన పేర్లతో మరియొక చిక్కు. విదేశములలో తయారైన ప్రశ్నావళులు 'మొదటి పేరు', 'చివరి పేరు' అని రెండు గడులు ఇచ్చును. తెలుగువారిలో పలువురు ఇంటిపేరు ముందు వ్రాయుట అలవాటు. మొదటి గడిలోని మాటతో సంబోధించుమని యంత్రమునకు చెప్పియున్నచో, శ్రోతకు పోవు కృతజ్ఞతా పత్రము 'ప్రియమైన వేమూరి' అనియో, 'ప్రియమైన పసుపులేటి' అనియో మొదలగును. ఒకే ఇంట నలుగురు జవాబిచ్చినచో నలుగురికిని అదే పిలుపు. పేరునకు ఒకే గడి ఇచ్చి, 'మిమ్ములను ఎట్లు పిలువవలెను?' అని వేరుగా అడుగుట ఉత్తమము.

లిపి, తేదీ, వేళ అను మూడింటిని కూడ గమనింపవలెను. తెలుగు లిపికి 1991 నాటి మొదటి యూనికోడ్ ప్రమాణములోనే స్థానము లభించినది. ఐనను జవాబులను ఒక చోటి నుండి మరియొక చోటికి సాదా అక్షరముల ఫైలుగా పంపినప్పుడు, తెరచు యంత్రమునకు అది యూటీఎఫ్-8 పద్ధతిలో ఉన్నదని తెలియనిచో తెలుగు వాక్యము గుర్తింపరాని గీతల గుంపుగా కనబడును. ఏప్రిల్ 3వ తేదీని మనము 03-04 అని వ్రాయుదుము. అమెరికా పద్ధతిలో అది మార్చి 4. వేళ విషయమునకు వచ్చినచో, ప్రపంచ ప్రమాణ కాలమునకంటె మన గడియారము 5 గంటల 30 నిమిషములు ముందున్నది. తెల్లవారుజామున 2 గంటలకు మనము పంపిన జవాబు కొన్ని షీటులలో ముందటి రోజు రాత్రి 8-30కి వచ్చినట్లు కనబడును. దినవారీ లెక్కలు తప్పుటకు ఇంత చిన్న కారణము చాలును.

షీటు తనంతట తాను చేయు సవరణలు కూడ కలవు. మానవ శరీరములోని జన్యువులకు శాస్త్రజ్ఞులు పెట్టిన సంకేతములలో 'మార్చి 1', 'సెప్టెంబరు 1' అను తేదీల పొట్టి రూపములను పోలినవి కొన్ని ఉండెడివి. ఎక్సెల్ వానిని తేదీలుగా మార్చివేయుచుండెను. ఎన్నో పరిశోధన పట్టికలు ఇట్లు చెడినవి. తుదకు 2020లో జన్యువుల పేర్లను నిర్ణయించు అంతర్జాతీయ సంఘము ఆ సంకేతములనే మార్చుకొనవలసి వచ్చెను. ప్రశ్నావళిలో వచ్చు ఫోను నంబర్లకు ముందున్న సున్న పోవుట, ఇంటి నంబరు 4-12 డిసెంబరు నెలలోనో, ఏప్రిల్ నెలలోనో ఒక తేదీగా మారుట ఈ జాతి దోషములే. అట్టి గడులను 'అక్షరములు' అని ముందుగా నిర్ణయించి యుంచినచో ఈ బాధ తప్పును.

ఇంకొక సంగతి. వెబ్‌హుక్ ద్వారా జవాబు పంపిన సాధనము రసీదు కొరకు కొంతసేపు చూచును. రసీదు రానిచో జవాబు అందలేదనుకొని చాల సంస్థల యంత్రములు దానిని మరల పంపును. మొదటిది నిజముగా అంది, రసీదు మాత్రము దారిలో పోయినచో ఒకే జవాబు రెండుసార్లు ఎక్కును. సహాయము పంచు చోట ఒకరికి రెండు మారులు పోవుట, అభిప్రాయములు లెక్కించు చోట ఒక ఓటు రెండగుట ఇట్లే జరుగును. ప్రతి జవాబునకు ప్రశ్నావళి ఇచ్చు ప్రత్యేక సంఖ్యను కూడ తీసికొని, ఆ సంఖ్య ఇదివరకే ఉన్నదా అని చూచిన పిదపనే ఎక్కించుట దీనికి విరుగుడు.

రెండుమారులు ఎక్కుట కంటికి కనబడు దోషము. ఎక్కకపోవుట కనబడని దోషము. 2020లో కోవిడ్ మహమ్మారి కాలమున ఇంగ్లండులో జరిగినది దీనికి గొప్ప నిదర్శనము. అక్కడ ప్రైవేటు ప్రయోగశాలల నుండి పరీక్షా ఫలితములు ఫైలులుగా ప్రజారోగ్య సంస్థకు వచ్చుచుండెను. వానిని యంత్రము ఎక్సెల్ ఫైలులలోనికి చేర్చి, కేంద్ర పట్టికకు, రోగులతో కలిసి మెలగినవారిని వెదకు బృందములకు అందజేయుచుండెను. వాడిన ఫైలు పాత రకమునకు చెందినది. ఆ రకములో ఒక షీటునందు 65,536 వరుసలకు మించి పట్టవు. కొత్త రకములో 10,48,576 పట్టును. ఒక్కొక్క ఫలితము అనేక వరుసలు ఆక్రమించుటచేత షీటు త్వరగా నిండెను. నిండిన తరువాత వచ్చినవి బయటనే మిగిలిపోయినవి. సెప్టెంబరు 25 నుండి అక్టోబరు 2 వరకు 15,841 మంది రోగుల వివరములు ఇట్లు లెక్కకు రాలేదు. ఆ రోగులకు తమ ఫలితము తెలిసినది. కాని వారితో కలిసి కూర్చున్నవారిని, కలిసి భుజించినవారిని హెచ్చరించు పని ఆ దినములన్నియు ఆగిపోయెను. అంటువ్యాధి విషయములో ఒక్కొక్క దినము ఎంత విలువైనదో వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ యంత్రము చెడిపోలేదు. తనకు చెప్పిన పనిని తన పరిమితిలో చేయుచునే యుండెను. ఇచ్చట ఎన్ని వచ్చినవి, అచ్చట ఎన్ని చేరినవి అను రెండు అంకెలను పక్కపక్కన ఉంచి చూచు ఏర్పాటు ఉన్నయెడల లోటు మొదటి దినముననే బయటపడియుండును. దుకాణదారు రాత్రి తలుపు వేయుటకు ముందు గల్లాపెట్టెలోని డబ్బును చిట్టాతో సరిచూచుకొనును. ప్రశ్నావళిని ఇతర సాధనములతో కలిపినవారు కూడ ప్రతిదినము అట్లే చేయవలెను. ప్రశ్నావళిలో 48 జవాబులు, షీటులో 48 వరుసలు, ఫిర్యాదులు 9, ఇంజనీరు పట్టికలో పనులు 9. అంకెలు సరిపోనిచో కారణము వెదకవలెను.

కలుపుట ఎంత సులభమో, ఒక జవాబునకు నకళ్లు పెరుగుటయు అంత సులభము. మన శ్రోత ఈమెయిలు ప్రశ్నావళిలో ఉన్నది, షీటులో ఉన్నది, పంపిన సందేశములలో ఉన్నది, మధ్యవర్తి సేవ దాచుకొను చిట్టాలోను ఉండవచ్చును. ఫిర్యాదు రాగానే పది మంది గల సందేశముల గుంపునకు పంపు ఏర్పాటు చేసినయెడల ఆ పది ఫోనులలోను ఉన్నది. 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదము పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టము ఈ విషయములో కొన్ని విధులు నిర్ణయించినది. ఏ వివరములు ఏ పనికొరకు తీసికొనుచున్నారో ముందుగా తెలుపవలెను. ఆ ప్రకటనను ఆంగ్లములోగాని, రాజ్యాంగము 8వ షెడ్యూలులోని భాషలలో కోరినదానిలోగాని చదువుకొను అవకాశము ఉండవలెను. ఆ భాషలలో మన తెలుగును ఒకటి. సమ్మతి ఇచ్చుట ఎంత సులభమో, దానిని ఉపసంహరించుకొనుటయు అంత సులభముగా ఉండవలెను. ఒకరు తమ వివరములు తీసివేయుమన్నప్పుడు షీటులోని వరుసను మాత్రము చెరిపి ఊరకుండరాదు. నకళ్లన్నియు ఎక్కడెక్కడ ఉన్నవో తెలిసియుండవలెను. అవసరము లేని గడిని మొదటనే రెండవ సాధనమునకు పంపకుండుట అన్నింటికంటె మంచిది. ప్రసారము వినబడుటలేదని తెలిసికొనుటకు ఇంజనీరునకు ఊరి పేరు చాలును.

ఈ మధ్యవర్తులకు మన ఈమెయిలు, షీటుల తాళపుచెవులు అప్పగించుచున్నాము. ఇల్లంతటికి పనికివచ్చు తాళపుచెవి ఈయక, కావలసిన గదికి మాత్రమే ఇచ్చుట వివేకము. వెబ్‌హుక్ చిరునామాను కూడ రహస్యముగా ఉంచవలెను. అది తెలిసినవారు ఎవ్వరైనను దానికి కల్పిత జవాబులు పంపగలరు.

ఇటీవల శ్రోతలు స్వేచ్ఛగా వ్రాసిన వాక్యములను కృత్రిమ మేధకు చూపి, ఇది మెప్పు, ఇది ఫిర్యాదు అని విడదీయించు పద్ధతి కూడ వచ్చినది. వేలకొలది జవాబులున్నప్పుడు ఇది ఉపకరించును. కాని మన వారి వ్రాత తీరు ఒకటున్నది. 'మీ ప్రసారము బ్రహ్మాండముగా ఉన్నదండీ, నిన్న నాటకములో ఒక్క ముక్క అర్థమైన ఒట్టు' అని ఒక శ్రోత వ్రాసినచో యంత్రము దానిని మెప్పుల కట్టలో వేయవచ్చును. ఆ వాక్యములోని బాధను గ్రహించుటకు మనిషి చదువవలెను. అందుచేత విడదీసిన కట్టల నుండి కొన్నింటిని అప్పుడప్పుడు తీసి స్వయముగా చదువుట అవసరము.

ఇట్టి ఏర్పాటు చేయదలచు సంఘములకు, పాఠశాలలకు, చిన్న సంస్థలకు ఒక క్రమము చెప్పవచ్చును. మొదట ఒక వారము చేతితోనే పని చేసి, ఏ జవాబు ఎవరికి పోవుచున్నదో కాగితముపై వ్రాయుడు. చేతితో చేయుటకు తెలియని పనిని యంత్రమునకు చెప్పలేము. పిదప ఒక్క ట్రిగ్గరును, ఒక్క యాక్షన్‌ను మాత్రము కలుపుడు. తెలుగులో వ్రాసినది, ఖాళీ వదలినది, చాల పొడవైనది, రెండు మారులు పంపినది, ఈ నాలుగు రకముల జవాబులను మీరే పంపి చూడుడు. పని ఆగిపోయినచో ఎవరికి హెచ్చరిక పోవలెనో నిర్ణయించుడు. ఆ వ్యక్తి ఉద్యోగము మారినప్పుడు హెచ్చరిక చిరునామాను కూడ మార్చుడు. ఇవి కుదిరిన పిదపనే రెండవ పనిని చేర్చుడు.

జవాబిచ్చు గృహస్థులును కొంత గమనింపవచ్చును. ప్రశ్నావళి పంపినవారెవరో, వివరములు దేనికొరకో దానిపై వ్రాసియున్నదా? ఫోను నంబరు నిజముగా అవసరమా? జవాబు ఎవరు చదువుదురో తెలిపిరా? ఈ మూడింటికి సమాధానము లేని ప్రశ్నావళికి స్వంత వివరములు ఈయకుండుట మంచిది. సమాధానమున్నచోట మాత్రము విసుగుకొనక, ఉన్నదున్నట్లు వ్రాయుడు. మీరు వ్రాసిన ఒక్క వాక్యమే ఒక ఊరి ఇబ్బందిని మొదటిసారి తెలుపుచుండవచ్చును.

'మీకు ఏమైన ఇబ్బంది ఉన్నదా?' అని అడిగినప్పుడు, చెప్పినచో విందుమని అడిగినవారు మాట ఇచ్చినట్లే. యంత్రము ఆ జవాబును క్షణములలో తెచ్చి బల్లపై ఉంచగలదు. బల్ల ముందు ఎవరు కూర్చుందురో, చదివి ఏమి చేయుదురో ప్రశ్న పంపుటకు ముందే నిర్ణయించుకొనవలెను. ఆ నిర్ణయము జరుగని చోట ప్రశ్నావళిని పంపకుండుటయే మేలు.